తోడుగొంతు

నోట మాట పడిపోయిన ఏడాదికి, ఒక మంగళవారం పొద్దున, ప్రమీలమ్మ మళ్లీ మాట్లాడింది. "చాయ్ తాగినవా బిడ్డా?" అని అడిగింది. హన్మకొండలోని ఆ పరిశోధనశాలలో అద్దం అవతల నిలబడ్డవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆమె కూతురు నీరజ మాత్రం కొట్టలేదు. ఆ యంత్రాన్ని తయారుచేసింది తనే. అది ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో స్క్రూలతో సహా తెలుసు. అయినా తల్లి గొంతులో 'బిడ్డా' అన్న పిలుపు వినబడేసరికి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

దానికి తోడుగొంతు అని పేరు పెట్టారు. మెడ ముందు భాగాన అతుక్కుని ఉండే వేలెడు వెడల్పు పట్టీ. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకు మాట లోపల మొదలవుతుంది గానీ బయటికి రాదు, దారిలోనే ఎక్కడో తప్పిపోతుంది. మాట కోసం గొంతు నరాలు కదలగానే పట్టీ పసిగడుతుంది. ఎదుటివాళ్లు ఏమడిగారో వింటుంది. బాగున్న రోజుల్లో ఈ మనిషి ఇలాంటి ప్రశ్నకు ఏమనేదో వెతికి, ఆ మాటను ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. అసలు గొంతు కూడా అదే సమయానికి ఊఁ, ఆఁ అంటూ అడ్డం వస్తే వినేవాళ్లకు గందరగోళమని, పట్టీ చర్మం కిందికి దింపిన రెండు సన్నని తీగల ద్వారా కొద్దిపాటి కరెంటు పంపి దాన్ని నిద్రపుచ్చుతుంది. ఈ చివరి ఏర్పాటు నీరజ బుర్రలో పుట్టిందే. అందరూ శభాష్ అన్నారు.

బాగున్న రోజుల మాటలు ఎక్కడివంటారా? నీరజ ఫోనులోవి. బెంగళూరులో చదువూ ఉద్యోగమూ వెలగబెట్టినన్నేళ్లు, రోజూ సాయంత్రం ఆమె తల్లికి ఫోన్ చేసేది. చేసిన ప్రతి కాలూ దానంతటదే రికార్డయ్యే ఫోను అది. ఆ కాల్స్ అన్నీ తెచ్చి యంత్రానికి పాఠంగా పెట్టింది. కన్నకూతురితో మాట్లాడిన మాటల కంటే నిజమైన మాటలు ఎక్కడ దొరుకుతాయని ఆమె ధీమా.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మొదట్లో ఈ పట్టీని పెట్టిన ఒక ఇంట్లో, చుట్టాలొచ్చినప్పుడు ముసలాయన వసపిట్టలా వాగుతున్నాడని కొడుకు దాన్ని ఆపేశాడు. ఆ మాట విని నీరజ అగ్గిమీద గుగ్గిలమైంది. మనిషి నోరు నొక్కే హక్కు ఇంటివాళ్లకు ఎవరిచ్చారని ల్యాబులో గొడవ గొడవ చేసి, ఒక నియమం రాయించింది. పట్టీని ఆపమని పేషెంటే తన నోటితో చెప్పాలి. కూతురు చెప్పినా కొడుకు చెప్పినా డాక్టరు చెప్పినా చెల్లదు. ఆపే తాళంచెవి డైరెక్టర్ దామోదర్ రావు దగ్గరే ఉంటుంది. తాళం లేకుండా లాగితే గొంతు నరం తెగుతుంది. ఇక ఆ పట్టీకి ఏ ఢోకా లేదని నీరజ నిశ్చింతగా ఉంది.

* * *

ఇంట్లో పగటిపూట ప్రమీలమ్మను చూసుకోవడానికి రేణుక వస్తుంది. ఓపికమంతురాలు. నీరజ ఆమెకు మొదటిరోజే గట్టిగా చెప్పింది.

"ఏది పెట్టినా అడిగి పెట్టు రేణుకా. నోట్లో కుక్కుడు, గదమాయించుడు నా ఇంట్ల ఉండొద్దు. ఆమె పసిపిల్ల కాదు. వద్దంటే వద్దన్నట్టే."

రేణుక ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది.

"అన్నం తింటవా అమ్మమ్మా?"

"తిన్న బిడ్డా. మీరు తినుండ్రి."

"ఇన్ని పాలన్న తాగరాదు?"

"నాకొద్దమ్మా, కడుపు నిండుగున్నది. నీరజకు ఉంచు."

"ఎంత పానమో మేడం మీ మీద" అని రేణుక సాయంత్రం మురిపెంగా చెప్పేది. రోజుకు ఎప్పుడో ఒకసారి, బతిమాలగా బతిమాలగా, నాలుగు ముద్దలు దిగేవి. ప్రమీలమ్మ జాకెట్లు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఈ జబ్బులో మనిషి చిక్కిపోవడం మామూలేనని డాక్టరు అన్నాడు. నీరజ నమ్మింది. నమ్మితే హాయిగా ఉంది కూడా.

ఎందుకంటే మాట పడిపోకముందటి ఏడాదిని ఆమె మర్చిపోలేదు. కంచాలు గోడకేసి కొట్టడం, స్నానమంటే కేకలు, ఎదురుగా నిలబడ్డ కూతుర్ని చూసి "ఎవలు నువ్వు" అని బెదిరిపోవడం. ఇప్పుడు ఆ నరకం లేదు. ల్యాబు నుంచి రాగానే నీరజ తల్లి మంచం పక్కన చతికిలబడి ముచ్చట్లు పెడుతుంది.

"మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయమ్మా?"

"తగ్గినయ్ బిడ్డా."

"రాత్రి నిద్ర పట్టిందా?"

"మంచిగ పట్టింది. నువ్వేం రంది పెట్టుకోకు."

మాట్లాడుతున్నంతసేపూ ప్రమీలమ్మ చెయ్యి మాత్రం మెడ మీద పట్టీని గోకుతూనే ఉండేది. అదో అలవాటు అనుకుని, చర్మం ఒరుసుకుపోకుండా రేణుక మెత్తటి గుడ్డ చుట్టింది.

* * *

ఒక ఆదివారం మధ్యాహ్నం రేణుక సెలవు పెట్టింది. అన్నం తినమని నీరజే బతిమాలింది. "తిన్న బిడ్డా" అన్నదే సమాధానం. సరే, కాసేపాగి చూద్దామని బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

ప్రమీలమ్మ దేవుడి గూటి ముందు కింద కూర్చుని ఉంది. పసుపు అక్షింతల గిన్నె ఒళ్లో పెట్టుకుని, పచ్చి బియ్యం గుప్పిళ్లతో నోట్లో వేసుకుంటోంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. గడ్డం మీద పసుపు కారుతోంది. నమలలేక కళ్లవెంట నీళ్లు పెట్టుకుంటూ, అయినా ఇంకో గుప్పెడు తీస్తోంది.

"అమ్మా! ఏందమ్మా ఇది? ఆకలైతున్నదా?"

ఆ నిండు నోటి కింద, మెడ దగ్గరనుంచి, చల్లగా, స్పష్టంగా, ఫోనులో విన్నట్టే వచ్చింది జవాబు.

"నాకేం ఆకలి లేదు బిడ్డా. మీరు తినుండ్రి."

నీరజ తల్లి నోట్లోని బియ్యమంతా తీసేసింది. వంటింట్లోకి ఉరికి, అన్నంలో పప్పు కలిపి తెచ్చి, ఈసారి ఏమీ అడగకుండా తల్లి ముందు పెట్టింది. ప్రమీలమ్మ ఆవురావురుమంటూ తింది. తింటున్నంతసేపూ పట్టీ "వద్దు బిడ్డా, సాలు బిడ్డా" అంటూనే ఉంది.

తింటున్న తల్లిని అంత దగ్గరగా చూస్తే ఇంకోటి కూడా కనబడింది. ఆమె ఒక దవడతోనే నములుతోంది. నోరు తెరిచి చూస్తే ఎడమ దవడ చిగురు వాచి, చీము పట్టి ఉంది.

"పన్ను నొస్తున్నదా అమ్మా? ఎన్నాళ్లసంది?"

"నొప్పేం లేదు బిడ్డా. మంచిగనే ఉన్న."

* * *

మర్నాడు నీరజ ల్యాబులో తలుపు వేసుకుని ఆ పాత కాల్స్ ముందేసుకుంది. యంత్రంలో ఏదో లోపం ఉందని, దాన్ని పట్టుకుంటే బతికిపోతానని ఆమె ఆశ. వినగా వినగా తేలిందేమిటంటే, యంత్రంలో లోపం లేదు. నేర్పింది నేర్పినట్టు పలుకుతోంది.

"తిన్నవా అమ్మా?" "తిన్న బిడ్డా." "కాళ్లు?" "మంచిగున్నయ్." "జరమన్నవ్ కద నిన్న?" "పోయింది, నువ్వు సదువుకో." ఏ ఏడాది కాల్ విన్నా అదే. ఒకటి మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. అప్పుడు తల్లికి కాలు విరిగి కట్టు కట్టారు, ఆ సంగతి తమ్ముడు సంపత్ తర్వాతెప్పుడో చెప్పాడు. ఆ రోజు కాల్లో కూడా గొంతు అంతే నిబ్బరంగా ఉంది. "నాకేమైతది బిడ్డా" అంటోంది.

కూతురికి ఫోనులో తన బాధ చెప్పుకున్న తల్లి ఎక్కడైనా ఉందా? ఆ దాపరికాలన్నీ మూటగట్టి తెచ్చి, ఇదే మా అమ్మ మనసు అని యంత్రానికి అప్పజెప్పింది నీరజే. అప్పుడైతే ఆమె నోటితో వద్దని, తర్వాత ఎవరూ చూడకుండా ఇంత తినేది. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. లోపల ఏం అరుస్తోందో, ఆ అరుపు మీద 'మంచిగనే ఉన్న' అని మూత పడుతోంది. ఇన్ని నెలలుగా ప్రతి పూటా.

నీరజ లేచి సూటిగా దామోదర్ రావు గదికి వెళ్లింది.

ఆయన చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు, తలపట్టుకున్నాడు. "కానీ నేనెట్ల ఆపుతనమ్మా? నువ్వు రాసిన రూలే గద. ఆమె చెప్పాలె."

"ఆమె చెప్పలేదు సార్. చెప్పనియ్యదు అది."

"అట్ల అని నువ్వంటున్నవ్. రేపు ఇంకో కొడుకొచ్చి, మా నాయన కూడా లోపల ఆపమనే అంటున్నడు, యంత్రం అబద్ధం చెప్తున్నది అంటే? తాళం ఇచ్చెయ్యాల్నా? ఆ రోజు ఇదే గదిల నువ్వు నాతోని ఎంత కొట్లాడినవో యాది జేసుకో."

అయితే మీరే వచ్చి చూడండని నీరజ అంది. ఆయన మర్యాదగానే ఇంటికి వచ్చి, ప్రమీలమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని, నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, ఈ పట్టీతోని మీకేమన్న ఇబ్బంది ఉన్నదా? తీసెయ్యమంటరా?"

"నాకేం ఇబ్బంది లేదు సార్. ఉండనీయుండ్రి. మీకు తిప్పలు గాకుంటె సాలు."

ఆ సాయంత్రం సంపత్ కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. దామోదర్ రావు అతనికి కూడా చెప్పినట్టున్నాడు. రోజూ తల్లితో మాట్లాడందే అతనికి అన్నం సహించదు.

"అక్కా, మల్ల అమ్మ నోరు మూపిస్తవా? ఆ కేకలు, ఆ బూతులు యాదికి లేవా నీకు? ఇప్పుడు మంచిగ మాట్లాడుతున్నది. నన్ను పేరు పెట్టి పిలుస్తున్నది."

"పిలిచేది అమ్మ కాదు తమ్మీ."

"నాకైతే అమ్మనే" అని పెట్టేశాడు.

అతన్ని తప్పుపట్టడానికి నీరజకు నోరు రాలేదు. 'బిడ్డా' అన్న ఆ పిలుపు వదులుకోవడం తనకు మాత్రం ఇష్టమా? ఆకలి సంగతి సరే, అడగకుండా వేళకు పెడితే సరిపోతుంది. పంటి నొప్పి కనబడింది కాబట్టి డాక్టరుకు చూపించవచ్చు. కనబడనివాటి సంగతేమిటి? చలేస్తోందో, భయమేస్తోందో, బాత్రూముకు పోవాలో? అన్నిటికీ ఒకటే జవాబు. ఒక ఆవేశంలో కత్తెర తెచ్చి పట్టీ దగ్గర పెట్టింది. ప్రమీలమ్మ బిక్కచచ్చిపోయి, కళ్లు పెద్దవి చేసి, వణికిపోతూ వెనక్కి జరిగింది.

"నీ ఇష్టం బిడ్డా" అంది పట్టీ.

నీరజ కత్తెర పారేసి, తల్లిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

* * *

ప్రయోగాల మంచిచెడ్డలు విచారించే ఎథిక్స్ కమిటీ ముందుకు విషయం వెళ్లింది. దానికి అధ్యక్షురాలు రిటైర్డ్ జడ్జి విమలాదేవి. ఆమె ముందు కూడా ఇదే ప్రశ్న, ఇదే జవాబు వస్తుందని నీరజకు తెలుసు. వాయిదా ముందురోజు ఏం చెయ్యాలో తోచక తల్లికి అన్నం వడ్డిస్తూ కూర్చుంది. పట్టీ "సాలు బిడ్డా" అంది. అలవాటు కొద్దీ నీరజ తల్లి చెయ్యి వంక చూసి ఇంకో గంటె పోసింది. పోశాక తన చేతిలోని గంటెను తనే వింతగా చూసుకుంది. ఈ అలవాటు తనకు ఎక్కడిది?

మెస్సులోది. తండ్రి పోయాక ప్రమీలమ్మ కాలేజీ వెనక సందులో మెస్సు నడిపి ఇద్దరు పిల్లల్ని పెంచింది. సెలవుల్లో నీరజ వడ్డనకు నిలబడేది. తినడానికి వచ్చిన కాలేజీ పిల్లలు "సాలు" అనగానే ముందుకు వెళ్లిపోయేది. వెనకనుంచి తల్లి కసురుకునేది.

"వాని మూతి జూస్తవేందే? నోరు మొహమాటానికి సాలంటది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టిండా? పెట్టలే. పొయ్యి ఇంకో గంటెడు."

చెయ్యి అడ్డం పెట్టేదాకా పోయాలి. అడ్డం పెట్టాక ఒక్క మెతుకు వెయ్యకూడదు. ఆ మెస్సులో అదే చట్టం.

మర్నాడు పొద్దున నీరజ కంగారు కంగారుగా వండింది. ఏ గిన్నెలో ఏం వేసిందో ఆమెకే తెలియదు. పప్పూ అన్నమూ పచ్చిపులుసూ టిఫిన్ క్యారియర్‌లో సర్ది, తల్లిని తీసుకుని కమిటీ గదికి వెళ్లింది. సంపత్ కూడా వచ్చి, మూల కుర్చీలో మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

విమలాదేవి అడగాల్సింది అడిగింది. రావాల్సిన జవాబే వచ్చింది. "నాకేం ఇబ్బంది లేదమ్మా. ఉండనీయుండ్రి."

"స్పష్టంగానే చెప్తున్నరు గదమ్మా" అంది విమలాదేవి నీరజతో.

"మేడం, మా అమ్మ భోజనం వేళైంది. ఇక్కడనే పెడుత. జర చూడుండ్రి. ఆమె నోటిని కాదు, చేతులను చూడుండ్రి."

కంచం పెట్టింది. అన్నం, పప్పు. "తింటవా అమ్మా?"

"తిన్న బిడ్డా, నాకొద్దు" అంది పట్టీ. ప్రమీలమ్మ చెయ్యి అప్పటికే అన్నంలో ఉంది.

"ఇంకింత పెట్టాల్నా?"

"వద్దు బిడ్డా, కడుపు నిండింది." కంచం ఖాళీ అయింది. చెయ్యి అడ్డం రాలేదు. వేళ్లు కంచాన్ని నీరజ వైపు తోశాయి. నీరజ మళ్లీ వడ్డించింది. మళ్లీ "వద్దు బిడ్డా". మళ్లీ ఖాళీ. సంపత్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నీరజ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా. మెడ మీద ఇది ఉంచాల్నా, తియ్యాల్నా?"

"ఉండనీ బిడ్డా" అంది పట్టీ ప్రేమగా. "నాకేం..."

ప్రమీలమ్మ పప్పు అంటిన చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. గుడ్డను పక్కకు నెట్టింది. పట్టీ కిందికి గోరు పోనిచ్చి, పీకింది. నొప్పికి మొహం వంకర పోయింది. అయినా ఆపలేదు, మళ్లీ పీకింది. ఇన్ని నెలలుగా ఆమె చేస్తున్నది అదే. అందరూ చూస్తూనే ఉన్నారు.

సంపత్ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తీపియ్యి అక్కా" అన్నాడు. "తీపియ్యి."

విమలాదేవి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పేషెంటు చెప్పింది. నేను చూసిన" అంది. తర్వాత దామోదర్ రావు వైపు తిరిగింది. "ఇట్లాంటి పట్టీలున్న మిగిలిన ఇండ్లన్నిటికి మనం పోవాలె. ముందు కంచంల అన్నం పెట్టి చూద్దాం. ప్రశ్నలు తర్వాత." దామోదర్ రావు తల వంచుకుని జేబులోంచి తాళం తీశాడు.

* * *

తాళం తిప్పేముందు దామోదర్ రావు ఆగి నీరజను చూశాడు. "ఏమన్న మాట్లాడుతవా అమ్మా, చివరిసారి?"

నీరజకు అడగాలనే ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ గొంతులో తన పిలుపు వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. పళ్లు బిగబట్టి తల అడ్డంగా ఊపింది.

చిన్న చప్పుడుతో పట్టీ ఆగిపోయింది. కబురందుకుని వచ్చిన డాక్టరు తీగలు తీసి, మెడకు మందు రాశాడు.

ఆ తర్వాత ప్రమీలమ్మ దగ్గింది. గొంతులోంచి తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు ఆమే ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. ఎదురుగా కళ్లనిండా నీళ్లతో కూర్చున్న మనిషిని చూసింది.

"ఎ... ఎవలు?"

ఆ మాట నీరజ గుండెలో దిగింది. దిగుతుందని తెలిసే వచ్చింది.

"నీరజను" అంది. 'నీ కూతుర్ని, గుర్తుపట్టవా' అని అడగలేదు. పచ్చిపులుసు గిన్నె తీసుకుని, ఏమీ అడక్కుండా, కంచంలో ఒక గంటె పోసింది.

ప్రమీలమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం చిట్లించింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. నీరజ సాయం చెయ్యలేదు. ఏమంటావో నేను చెప్పనా అని తొందరపెట్టలేదు.

"ఉ..." అంది ప్రమీలమ్మ. "ఉప్... ఉప్పు లేదు."

విసుగ్గా అంది. జన్మలో ఎవరి వంటకూ వంక పెట్టని మనిషి, బాగాలేదని కూతురి మొహాన చెప్పింది.

నీరజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తనూ వేలు ముంచి చూసింది. నిజమే, ఉప్పు వెయ్యనే లేదు. లేచి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, కింద క్యాంటీన్‌కు పరుగెత్తి గుప్పెట్లో ఉప్పు పట్టుకొచ్చింది. చిటికెడు వేసి కలిపింది. ప్రమీలమ్మ రుచి చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. వంచిన తల ఎత్తకుండా అంతా తాగింది.

"ఇంకింత?" అంటూ నీరజ గంటె ముందుకు చాపింది.

ప్రమీలమ్మ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

నీరజ గంటె వెనక్కి తీసుకుని గిన్నెలో పెట్టేసింది.